జింక్ ఆక్సైడ్ థిన్ ఫిల్మ్స్ ప్రాజెక్టు తీసుకోవచ్చా?

ప్రశ్న: ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది చదువుతున్నాను. స్పటరింగ్‌తో (అయాన్లతో కొట్టి పరమాణువులను ఎగరగొట్టి, పలక మీద పేర్చే పద్ధతి) జింక్ ఆక్సైడ్ థిన్ ఫిల్మ్స్, అంటే పలుచటి పొరలు వేసే ప్రాజెక్టు ఇస్తామంటున్నారు. ‘అందరూ చేసేసిందే, బదులు కోడింగ్ నేర్చుకో’ అంటున్నారు స్నేహితులు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: నిస్సందేహంగా తీసుకోండి. దీని మీద బోలెడన్ని పేపర్లు వచ్చిన మాట నిజమే. కానీ మీ స్థాయిలో కొత్త పదార్థం కనుక్కోవడం కన్నా, పొర ఎందుకలా పెరిగిందో కారణంతో సహా చెప్పగలగడం ముఖ్యం. పీహెచ్‌డీ ఇంటర్వ్యూల్లో గుచ్చి గుచ్చి అడిగేదీ అదే.

గాజు పలకను వేడి చేయకుండా పొర వేస్తే, వచ్చి పడ్డ పరమాణువులకు కదిలే శక్తి పెద్దగా ఉండదు. పడ్డచోటే అతుక్కుపోతాయి, గ్రెయిన్లు (పొరలోని చిన్న చిన్న స్ఫటికాలు) చిన్నవిగా మిగులుతాయి. అదే 300 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తే, ఉపరితలం మీద జరిగి కుదురైన చోట స్థిరపడతాయి. అప్పుడు ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్‌రేలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్ష) 34.4 డిగ్రీల కోణం దగ్గర పీక్ సాధారణంగా సన్నబడి పైకి లేస్తుంది. స్ఫటికాల సీ-అక్షం (వాటి ప్రధాన అక్షం) పలకకు లంబంగా నిలిచిందని ఆ పీక్ చెబుతుంది.

వేడి ఒక్కటే కాదు. ఛాంబర్‌లో ఆర్గాన్ గ్యాస్ ప్రెషర్ ఎక్కువైతే పరమాణువులు దారిలోనే ఢీకొని నీరసిస్తాయి, స్తంభాల్లా పెరిగిన గ్రెయిన్ల మధ్య సందులు పడతాయి. ఉష్ణోగ్రత, ఆర్గాన్ ప్రెషర్ రెండింటితో పొర నిర్మాణం ఎలా మారుతుందో చూపుతూ పరిశోధకుడు థార్న్‌టన్ 1974లో లోహపు పొరలకు ఇచ్చిన చిత్రాన్ని ముందుగా చదవండి. ఆక్సైడ్‌కు ఆక్సిజన్ మోతాదు కూడా తోడవుతుంది. అది చాలకపోతే విద్యుత్ వాహకత మారిపోతుంది.

ఒక జాగ్రత్త. ఉష్ణోగ్రత మారుస్తున్నప్పుడు మందం కూడా మారితే, గ్రెయిన్ పెరగడానికి ఏది కారణమో తేలదు. కాబట్టి ప్రతి శాంపిల్ మందం కొలవండి. షెరర్ ఫార్ములాతో (పీక్ వెడల్పు నుంచి స్ఫటికం సైజు లెక్కగట్టే సూత్రం) వచ్చిన అంకెను గ్రెయిన్ సైజు అని రాసేయకండి. పొరలోని స్ట్రెయిన్ (స్ఫటికం సాగడం, నొక్కుకుపోవడం) వల్లా, పరికరం వల్లా కూడా పీక్ వెడల్పవుతుంది. ఎస్‌ఈఎంలో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) పొరను అడ్డంగా విరిచి చూడండి.

కోడింగ్ మానేయక్కర్లేదు, ఈ డేటాతోనే పైథాన్ నేర్చుకోండి. తర్వాత నెట్‌, గేట్‌ రాస్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఐఐటీల వంటి చోట్ల పరిశోధనకు ప్రయత్నించవచ్చు. పూతల పనిలో అనుభవానికి హైదరాబాద్‌లోని పదార్థాల పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐనీ గమనిస్తూ ఉండండి.

ఒప్పుకునే ముందు గైడ్‌ను ఒక్కటే అడగండి: పొర నేనే వేయాలా, వేసిన శాంపిళ్లు చేతికిస్తారా? రెండోదైతే, కనీసం వేసేటప్పుడు పక్కన ఉండి ప్రెషర్, పవర్, ఉష్ణోగ్రత రాసుకునే అవకాశం ఇవ్వమనండి.