ఆర్.ఏ. నెగెటివ్ వచ్చింది, మరి వేలెందుకు వాచింది?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 41 ఏళ్లు. పెరంబూరులో ఇంటి ముందు గదిలోనే జాకెట్లు కుడుతుంటాను. నాలుగు నెలలుగా కుడిచేతి చూపుడు వేలు మొదటి నుంచి చివరి దాకా వాచిపోయి ఉంది. పొద్దున్నే కత్తెర పట్టుకోలేను, తొమ్మిది దాటితే గానీ చెయ్యి దారికి రాదు. ఎముకల డాక్టరు గారు రక్తపరీక్ష చేయించి, ఆర్.ఏ. ఫ్యాక్టర్ నెగెటివ్, కీళ్లవాతం కాదు, కుట్టుపని తగ్గించుకోమన్నారు. గోళ్లు కూడా పాడయ్యాయి, ఫంగస్ అన్నారు. తలలో చుండ్రు మాత్రం పదేళ్ల నుంచీ ఉంది, దానికి షాంపూ వాడుతున్నాను. సంక్రాంతి ఆర్డర్లు తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: అమ్మా, మీరు ‘మాత్రం’ అని చివరికి నెట్టేసిన ఆ చుండ్రు దగ్గరే మొదలుపెడదాం. పదేళ్లపాటు షాంపూకి లొంగని చుండ్రు చాలాసార్లు చుండ్రు కాదు. జుట్టు మొదలు దాటి నుదుటి మీదికి, చెవుల వెనక్కి దిగిందా? పొలుసులు మందంగా, వెండి రంగులో ఉంటాయా? మోచేతుల మీద, మోకాళ్ల మీద, బొడ్డులో కూడా ఒకసారి చూసుకోండి. ఉంటే అది సోరియాసిస్ అనే చర్మవ్యాధి కావచ్చు, ఆ వేలికీ దీనికీ చుట్టరికం ఉండొచ్చు.

ఇప్పుడు గోళ్లు. చేతికుట్టు వేసేటప్పుడు వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీ మీ దగ్గర ఉండే ఉంటుంది, దాని మీద సూది జారకుండా చిన్నచిన్న గుంటలుంటాయి కదా, గోటి మీద అచ్చం అలాంటి గుంటలే ఉంటే, లేదా గోరు చివర చర్మాన్ని వదిలేసి పైకి లేస్తుంటే, ఫంగస్ అని మందు రాసే ముందు గోటి ముక్క పరీక్షకు పంపమని అడగండి. ఫంగస్ అయ్యుండకూడదని కాదు, సోరియాసిస్ గోరూ ఫంగస్ గోరూ చూడటానికి ఒకేలా ఉంటాయి.

ఇక వేలు. మామూలు అరుగుదల నొప్పిలో కణుపు దగ్గరే లావెక్కుతుంది. మీది వేలంతా వాచిందంటున్నారు, లోపల కీలుతో పాటు నరం చుట్టూ (మనం నరం అంటాం గానీ అది వేలిని లాగే తాడు లాంటిది) ఉన్న పొర కూడా వాస్తేనే అలా అవుతుంది. పైగా పొద్దున అరగంటకు మించి పట్టేసి, పని చేసేకొద్దీ వదులుతోంది. పనివల్ల వచ్చిన నొప్పయితే సాయంత్రానికి పెరగాలి గానీ తగ్గకూడదు. అందుకే కత్తెర మీద నేరం మోపడం నాకు నచ్చలేదు. చికున్‌గున్యా కూడా నెలల తరబడి కీళ్లనొప్పులు మిగులుస్తుంది, కానీ అది జ్వరంతో మొదలవుతుంది, మీ ఉత్తరంలో జ్వరం ఊసే లేదు.

ఆర్.ఏ. నెగెటివ్ సంగతి. ఆ పరీక్ష రుమటాయిడ్ వాతం కోసం. సోరియాసిస్‌తో వచ్చే వాతంలో అది సాధారణంగా నెగెటివే వస్తుంది, ఒంట్లో వాపును చూపించే ఈఎస్ఆర్, సీఆర్పీ రక్తపరీక్షలు కూడా మామూలుగా ఉండొచ్చు. ఈ వాతాన్ని గుర్తించడానికి 2006లో వచ్చిన కాస్పర్ అనే లెక్కలో, కీళ్ల వాపు ఉన్నవాళ్లకి ఇప్పుడు సోరియాసిస్ ఉంటే 2 పాయింట్లు, గోళ్ల మార్పులకు 1, వేలంతా వాచినందుకు 1, ఆర్.ఏ. నెగెటివ్‌కి ఇంకో 1. మొత్తం 3 వస్తే చాలు. అంటే మిమ్మల్ని ఇంటికి పంపించేసిన రిపోర్టు నిజానికి ఆ జబ్బు వైపే వేలు చూపిస్తోంది! అయినా ఉత్తరం చదివి నేను జబ్బు పేరు ఖాయం చెయ్యలేను, చేతులు పట్టుకుని చూడాలి.

సోరియాసిస్ ఉన్నవాళ్లలో దాదాపు 30 శాతం వరకు కీళ్లవాతం రావచ్చు, ఎక్కువమందిలో చర్మం ముందు, కీళ్లు ఏళ్ల తర్వాత. చర్మం డాక్టరుకు కీళ్ల మాట చెప్పరు, ఎముకల డాక్టరు తల చూడరు, మధ్యలో ఆరు నెలలు గడిస్తే ఎముక అంచులు కొరుక్కుపోవడం మొదలవ్వచ్చు, అలా పోయిన ఎముక తిరిగిరాదు. కాబట్టి ఈసారి కీళ్లవాతాలు చూసే రుమటాలజిస్టు దగ్గరికే వెళ్లండి, సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. మడమ వెనక నొప్పి, కన్ను ఎర్రబడటం, ఇంట్లో ఎవరికైనా సోరియాసిస్, ఇవన్నీ చీటీ మీద రాసుకెళ్లండి. ఈలోపు ఎవరో ఇచ్చారని పేరులేని పొడి మందులు వేసుకోకండి. కొన్నిట్లో స్టెరాయిడ్ కలుపుతారు, రెండు రోజుల్లో హాయిగా ఉంటుంది, ఆపగానే సోరియాసిస్ ఒళ్లంతా విరుచుకుపడొచ్చు.

ప్రశ్న: మా వదినకి సోరియాసిస్. ఆమె వాడిన తువ్వాలు పిల్లలు వాడొచ్చా? – అంబత్తూరు

జవాబు: అంటుకోదు. తువ్వాలు ఎవరిది వాళ్లకు ఉండటం మంచిదే, అది ఏ ఇంట్లోనైనా. వదిన గారికి విడిగా కంచం పెడుతుంటే మాత్రం ఈరోజే మానెయ్యండి.

ప్రశ్న: నాన్నగారికి సోరియాసిస్ వాతం అని మెథోట్రెక్సేట్ రాశారు. వారానికి ఒకసారి అని చీటీలో ఉన్నా, మందుల షాపతను రోజుకొకటి అన్నాడట. ఐదు రోజులు వేసుకున్నారు, నోట్లో పుళ్లు వచ్చాయి. – టి.నగర్

జవాబు: మెయిల్ చూసిన వెంటనే ఫోన్ చేశాను, ఎమర్జెన్సీకి తీసుకెళ్లారు కాబట్టి సరిపోయింది. మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. ఇది మంచి మందే, కానీ ఈ జబ్బుకి వారానికి ఒక్క రోజే. రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది, నోటిపుళ్లు, జ్వరం దానికి మొదటి గుర్తులు. అలాంటప్పుడు మందు ఆపేసి, ఆ స్ట్రిప్ చేత్తో పట్టుకుని అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, దీనికి విరుగుడుగా ఇచ్చే ఇంజెక్షన్ ఎంత తొందరగా పడితే అంత మంచిది. మళ్లీ మొదలుపెట్టాలో వద్దో మీ డాక్టరు చెబుతారు. మొదలుపెడితే మాత్రం వారంలో ఒక రోజు ఖాయం చేసుకుని, స్ట్రిప్ మీద ఆ రోజు పేరు స్కెచ్ పెన్నుతో పెద్దగా రాసి, డబ్బా మీ గదిలో ఉంచుకోండి, నాన్నగారి దిండు పక్కన కాదు.