కీ ముక్కలు ఒకసారి పంచితే సరిపోతుందా?

డేటాకు తాళం వేసే రహస్య కీని (అదొక పెద్ద సంఖ్య) ఐదు ముక్కలు చేసి, ఏ మూడు కలిసినా తెరుచుకునేలా పంచాం, ఇక టెన్షన్ లేనట్టేనా అని అడిగారు. అలా అనుకోకండి. 1979లో గూఢలిపి శాస్త్రవేత్త ఆది షమీర్ చెప్పిన ఈ పద్ధతిలో రెండు ముక్కలు దొరికినా దొంగకు కీ గురించి ఏమీ తెలియదు, నిజమే. కానీ ఈ ఏడాది కూకట్‌పల్లి ఇంట్లోది, రెండేళ్లకు అమీర్‌పేట లాకర్లోది, ఆ తర్వాత సికింద్రాబాద్‌లోది అతని చేతికి చిక్కితే?

అందుకే ముక్కలు మారుస్తూ ఉండాలి. ఈ ముక్కలు నిజానికి ఒక బహుపది (x, x² లాంటి పదాలున్న సమాసం) విలువలు, అందులో x లేని స్థిరపదమే కీ. కాబట్టి స్థిరపదం సున్నాగా ఉన్న కొత్త బహుపది తీసుకుని, దాని విలువలను పాత ముక్కలకు కలుపుతారు. కీ మారదు, పాతవీ కొత్తవీ కలిపితే పని చేయవు. మార్చాక డ్రాయర్లో మూలన పడున్న పెన్‌డ్రైవ్‌తో సహా పాతవన్నీ చెరిపేయాలి. నేనైతే ముక్క దాచే మనిషి ఉద్యోగం మానేసిన రోజే మారుస్తాను. కీ మొత్తం బయటపడిందన్న అనుమానం ఉంటే మాత్రం కొత్త కీ చేసుకోవాల్సిందే.