బుజ్జీ, ఆ గ్రామర్ పేపర్ ప్రింట్ తీయించకు

బుజ్జీ,

నిన్న రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నానే. పరవాడ ప్లాంట్‌లో 320 మందికి ఇంగ్లీష్ ట్రైనింగ్ పెడతారంట, దానికి ముందు ఎవరి లెవెల్ ఏంటో తేల్చి లిస్ట్ ఇమ్మన్నారంట, టైమ్ పదిహేను రోజులంట, నువ్వేమో నెట్‌లో దొరికిన 50 మార్కుల గ్రామర్ పేపర్ ఇచ్చేద్దామా పెద్దమ్మా అంటున్నావు. వద్దు. సరిగ్గా అదే పని చేసి చెయ్యి కాల్చుకున్నదాన్ని నేను.

సీఫెల్‌లో, అదే ఇప్పుడు మీరు ఇఫ్లూ అంటున్నారే ఆ హైదరాబాద్ ఇంగ్లీష్ యూనివర్సిటీలో, చదువు అయ్యి బయటికొచ్చిన కొత్తలో పటాన్‌చెరు వైపు ఒక మందుల ఫ్యాక్టరీకి వెళ్లాను. పేరెందుకులే. టెన్స్‌లు, ప్రిపోజిషన్లు, యాక్టివ్ పాసివ్, ఖాళీలు పూరించుడు, 50 మార్కులకి పేపర్ చేశా, చాలా గొప్పగా ఫీలయ్యా కూడా. సెంట్రిఫ్యూజ్ మీద 22 ఏళ్లుగా పనిచేస్తున్న ఆపరేటర్ ఒకాయనకి 11 వచ్చాయి. కొత్తగా చేరిన బీఎస్సీ కుర్రాడికి 43. ఆయన్ని తీసుకెళ్లి తన కొడుకు వయసున్న పిల్లలతో బేసిక్ బ్యాచ్‌లో కూర్చోబెట్టాం, పైగా ఆఫీసు వాళ్లు మార్కుల లిస్ట్ క్యాంటీన్ నోటీసు బోర్డు మీద అంటించారు. రెండు రోజులొచ్చాడు. మూడో రోజు నుంచి లేడు. ఓ నెల తర్వాత కస్టమర్ ఆడిట్, అంటే సరుకు కొనేవాళ్ల తనిఖీ, జరుగుతుంటే నేను అక్కడే ఉన్నాను, బయటిదేశం ఆయన వచ్చి ఈయన్ని మెషీన్ ఎందుకాపావని అడిగాడు. ఈయన తడుముకోకుండా "సౌండ్ ఛేంజ్ సర్, బేరింగ్ సౌండ్, ఐ స్టాప్, ఐ కాల్ మెయింటెనెన్స్, ఐ రైట్ టైమ్" అని లాగ్‌బుక్ తెరిచి చూపించాడు. ఆ ఆడిటర్ ఇంకో ప్రశ్న వెయ్యలేదు. అదే రూమ్‌లో 43 మార్కుల కుర్రాడు, నాణ్యత చూసే క్యూఏ వాళ్ల నుంచి ఫోన్ మోగితే ఎత్తకుండా పక్కవాడి వైపు జరిపేస్తున్నాడు, నాకింకా కళ్లకి కట్టినట్టుంది. నా పేపర్ కొలిచింది ఇంగ్లీష్ కాదే, ఎవరు ఏ స్కూల్లో చదివారనేది కొలిచింది.

అందుకని ముందు పేపర్ సంగతి పక్కనపెట్టి షిఫ్ట్ చూడు. కనీసం రెండు రోజులు, పొద్దున ఆరింటికి షిఫ్ట్ మారేటప్పుడు ఒకసారి, రాత్రి పదింటికి ఒకసారి వెళ్లి ఓ మూల నిలబడు. ఎవరు ఏం చదువుతున్నారు, ఏం రాస్తున్నారు, ఎవరితో ఏ భాషలో మాట్లాడుతున్నారు రాసుకో. నాకు తెలిసి నీకు కనపడేది ఏంటంటే, ఆపరేటర్లు మాట్లాడేదంతా తెలుగే, ఒడిశా బిహార్ కుర్రాళ్లుంటే వచ్చీరాని హిందీ, ఇంగ్లీష్‌లో నోరు విప్పేది ఆడిట్ రోజున పది నిమిషాలు. కానీ చదివేది మాత్రం రోజంతా ఇంగ్లీషే, ఏ పని ఎలా చెయ్యాలో వరసగా రాసుండే ఎస్‌ఓపీలు, లేబుళ్లు, బ్యాచ్ రికార్డులు. రాసేది కూడా ఇంగ్లీషే, రెండేసి మూడేసి ముక్కలు. షిఫ్ట్ ఇన్‌చార్జ్‌కి వేరే, ఆయన డీవియేషన్ రిపోర్టులు రాయాలి, అంటే పద్ధతి తప్పి ఏదైనా జరిగితే దాని గురించి. క్యూఏ వాళ్లకి మెయిల్స్, కాల్స్. అంటే మీ 320 మందికి ఒకే పేపర్ ఎలా సరిపోతుంది చెప్పు?

చదవడం సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే ప్రమాదం అక్కడే ఉంది. మీ ఎస్‌ఓపీల్లోంచే ఓ ఎనిమిది వాక్యాలు తీసుకో. చదివాక ఏం చేస్తావో తెలుగులో చెప్పమను. అవును తెలుగులోనే, చదివింది అర్థమైందా లేదా చూస్తున్నప్పుడు జవాబు కూడా ఇంగ్లీష్‌లో చెప్పమంటే రెండు పరీక్షలు కలిపి పెట్టినట్టు, ఎక్కడ తప్పాడో నీకే తెలీదు. "డు నాట్ ఓపెన్ ద మ్యాన్‌హోల్ అన్‌లెస్ ద ప్రెషర్ ఈజ్ జీరో" అనే వాక్యం ఇచ్చి చూడు, మ్యాన్‌హోల్ అంటే ఇక్కడ రియాక్టర్ మూత. ఆ అన్‌లెస్ దగ్గర ఎంతమంది పడతారో! మన భాషలో 'అయితే తప్ప' అని వెనకాల వస్తుంది, ఇంగ్లీష్‌లో మధ్యలో వస్తుంది, కొంతమంది దాన్ని ఇఫ్ లాగా చదివేసి 'ప్రెషర్ జీరో ఉంటే తెరవకూడదు' అంటారు. రియాక్టర్ దగ్గర అది ఎంత తిరగబడిన అర్థమో నీకు చెప్పక్కర్లేదు, నువ్వు కెమిస్ట్రీ చదివినదానివి. అలాంటి వాక్యం నాలుగిటికి మూడు తప్పినవాడికి టెన్స్‌లు నేర్పితే ఏం లాభం?

రాతకి కొత్త టాపిక్ ఇవ్వకు, "మై ఫేవరెట్ ఫెస్టివల్" లాంటివి అసలొద్దు. పాత లాగ్‌బుక్ పేజీలు, పేర్లు కొట్టేసి, జిరాక్స్ తీయించుకో. నాకు ఒకచోట దొరికిన ఎంట్రీ చెప్తా, "14.20 స్టీమ్ వాల్వ్ ఓపెన్డ్". అంతే. గ్రామర్ తప్పు లేదు, నా పాత పేపర్ అయితే ఫుల్ మార్కులే. కానీ ఇతను తెరిచాడా, దానంతటదే తెరుచుకుందా? తెలుగులో తెరిచాం, తెరుచుకుంది అని రెండు మాటలున్నాయి కాబట్టి రాసినవాడి మనసులో అనుమానమే లేదు, ఇంగ్లీష్‌లో రెండిటికీ ఓపెన్డే. ఒకటి మామూలు పని, ఇంకోటి డీవియేషన్. ఆరు నెలల తర్వాత ఇన్‌స్పెక్షన్‌కొచ్చిన మనిషి ఆ పేజీ మీద వేలు పెట్టి ఎవరు తెరిచారు అని అడిగితే ఎవరికి గుర్తుంటుంది. కాబట్టి నువ్వు రాతలో చూడాల్సింది ఎవరు, ఏంటి, ఎప్పుడు, ఆ తర్వాత ఏం చేశారు అనే నాలుగూ చదివినవాడికి తెలుస్తున్నాయా లేదా అని. స్పెల్లింగ్‌కి మార్కులు కొయ్యకు, మెటీరియల్ పేరులో తప్పితే తప్ప.

వినడం, మాట్లాడటం దగ్గర ఇంకో సంగతుంది. ఆడిటర్ "యు డిడ్ నాట్ చెక్ ద బ్యాలెన్స్ టుడే?" అంటాడు. బ్యాలెన్స్ అంటే తూకం మెషీన్, మనవాడు పొద్దున్నే చెక్ చేశాడు. తెలుగులో ఎవరైనా 'చెక్ చెయ్యలేదా' అంటే మనం 'లేదండీ, చేశాను' అంటాం కదా, అదే లెక్కలో "నో సర్" అంటాడు. ఆయనకి వినపడింది చెయ్యలేదని. పని చేసి కూడా మాట పడటమంటే ఇదే. ఇలాంటి ప్రశ్నలు రెండు నీ ఇంటర్వ్యూలో పెట్టు. అంకెలు కూడా పెట్టు, ఫిఫ్టీన్ ఫిఫ్టీ, పాయింట్ జీరో ఫైవ్, ఫోన్‌లో చెప్పి రాసుకోమను, వెనకాల మెషీన్ సౌండ్ ఉన్నచోటే. "అర్థమైందా" అని మాత్రం అడగొద్దు, ఎస్ మేడమ్ తప్ప ఇంకో జవాబు రాదు మన దేశంలో.

ఇక ఇంటర్వ్యూ. 320 మందితో మనిషికి ఎనిమిది నిమిషాలు లెక్కేసుకున్నా దాదాపు 43 గంటలు, మధ్యలో నువ్వు ఊపిరి తీసుకోకుండా. అంత అవసరం లేదు. చదవడం అందరికీ, రాత లాగ్ రాసేవాళ్లకి, మాటలు మాత్రం ఉద్యోగంలో ఇంగ్లీష్ మాట్లాడాల్సినవాళ్లకే. వాళ్లు ఓ అరవై మంది తేలతారనుకో, పది నిమిషాల లెక్కన పది గంటలు, వారంలో హాయిగా అయిపోద్ది. ఫోన్‌లో మెషీనే మార్కులేసే టెస్టులున్నాయి, కాల్ సెంటర్లలో వందలమందిని వడపొయ్యడానికి బానే ఉంటాయి, మీకు అనవసరం అని నా అభిప్రాయం.

మొదట ఊరు, బస్సు, డ్యూటీ టైమ్ లాంటి తేలిక ప్రశ్నలు. తర్వాత నీ పని ఏంటో చెప్పు. తర్వాత ఎప్పుడైనా ఏదైనా తేడా వచ్చిందా, అప్పుడు ఏం చేశావు. తర్వాత అలా కాకుండా ఇలా చేస్తే ఏమయ్యేది. ఎక్కడో ఒకచోట మాట ఆగిపోద్ది, అక్కడ ఒక టిక్కు పెట్టుకుని ఇంకోసారి వేరే దారిలో ప్రయత్నించు, మళ్లీ ఆగితే అదే అతని హద్దు. అక్కడ వదిలేసి పంపించకు. మళ్లీ తేలిక ప్రశ్నకి దిగి, అతను చెప్పగలిగినదేదో చెప్పించి పంపు. తల దించుకుని బయటికెళ్లినవాడు క్లాసుకి రాడు, ఆ సెంట్రిఫ్యూజ్ ఆయన నాకు నేర్పింది అదే.

లెవెల్స్‌కి కొత్తగా ఏదీ కనిపెట్టక్కర్లేదు, 2001లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ వాళ్లు భాష లెవెల్స్ కొలవడానికి తెచ్చిన సీఈఎఫ్‌ఆర్ ఉంది, ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లు, ఒక్కో మెట్టు మీద మనిషి ఏం చెయ్యగలడో రాసుంటుంది, ఏం తెలీదో కాదు. నీ హెల్పర్లలో కొంతమంది ఏ1 కి కూడా కింద ఉంటారు, 2020 అనుబంధంలో దానికీ ప్రీ ఏ1 అని చోటిచ్చారు, కాబట్టి సున్నా అని రాయకు. ఒక మనిషికి ఒకే లెవెల్ మాత్రం ఇవ్వొద్దు. చదవడం బీ1, రాయడం ఏ2, మాట్లాడటం ఏ1, ఇలా వేర్వేరుగా రాయి, మన దగ్గర అందరూ ఇలా ఎగుడుదిగుడుగానే ఉంటారు. యావరేజ్ తీశావో అంతా చెడినట్టే. పైలట్లకీ, విమానాలకి కింద నుంచి దారి చెప్పే ఏటీసీ వాళ్లకీ అంతర్జాతీయ విమానయాన సంస్థ ఐకావో పెట్టిన ఇంగ్లీష్ టెస్ట్ చూడు, ఉచ్చారణ, వ్యాకరణం, పదాలు, ధారాళత, అర్థం చేసుకోవడం, సంభాషణ, ఆరు విషయాలు విడివిడిగా చూస్తారు, అన్నిట్లో ఏది తక్కువైతే అదే ఆ మనిషి లెవెల్, కనీసం 4 ఉండాలి, 4 వచ్చినవాళ్లకి మూడేళ్లకోసారి మళ్లీ పరీక్ష.

నువ్వొక్కదానివే మార్కులెయ్యకు. క్యూఏలో ఇంగ్లీష్ బాగా వచ్చినవాళ్లని ఒకరిని అడుగు. పర్మిషన్ తీసుకుని పది మంది మాటలు రికార్డ్ చేసి, ఒకరి మార్కు ఒకరికి చూపించకుండా ఇద్దరూ వేసి, తేడా వచ్చినచోట కూర్చుని మాట్లాడుకోండి. నీట్‌గా ఇన్‌షర్ట్ చేసుకుని నవ్వుతూ గుడ్ మార్నింగ్ అన్నవాడికి మనకి తెలీకుండానే ఒక మెట్టు ఎక్కువేస్తాం. భోజనం తర్వాత వచ్చినవాళ్లకి తక్కువేస్తాం. నేను వేశాను, రికార్డింగ్ మళ్లీ విన్నప్పుడు సిగ్గేసింది.

భయం గురించి చెప్పకపోతే మిగతాదంతా దండగ. ఒకసారి పైడిభీమవరం వైపు ఒక ప్లాంట్‌కెళ్తే రణస్థలం దగ్గర ఊరి పెద్దాయన, నా చేతిలో కాయితాలు చూసి "ఈ వయసులో మాకు పరీచ్చలేటమ్మా, ఉజ్జోగం తీసేత్తారేటి?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ చేతిలో పెన్ను వణుకుతోంది. ఆ చేత్తో రాసింది చూసి లెవెల్ ఏంటని తేలుస్తాం? మీ మేనేజ్‌మెంట్‌ని ముందే అడుగు, ఈ లిస్ట్ అప్రైజల్‌కి, ఇంక్రిమెంట్‌కి వాడతారా అని. వాడం అని మెయిల్‌లో రాసిస్తేనే మొదలుపెట్టు, ఆ మాట షిఫ్ట్ మీటింగ్‌లో తెలుగులో నీ నోటితో చెప్పు. వాడతాం అంటే, లేదా నీళ్లు నమిలితే, నువ్వు తీసే లెవెల్స్ దేనికీ పనికిరావు, పక్కవాడి చేత రాయించుకుని వస్తారు. ఎవరి రిజల్ట్ వాళ్లకే చేతికివ్వు. నోటీసు బోర్డు జోలికి పోకు.

లిస్ట్ ఇచ్చిన రోజు మీ బాస్ అడిగే మొదటి ప్రశ్న నాకిప్పుడే తెలుసు, "మూడు నెలల్లో అందరూ బీ2 అవుతారా?" అని. కేంబ్రిడ్జ్ వాళ్లు చెప్పే ఉజ్జాయింపు లెక్క ప్రకారం మొదటినుంచి నేర్చుకుంటే ఏ2 కి 180 నుంచి 200 గంటలు, బీ1 కి 350 నుంచి 400, బీ2 కి 500 నుంచి 600 గంటల క్లాసులు పడతాయి. మీరిచ్చేది వారానికి మూడు గంటలనుకున్నా మూడు నెలలకి 40 కూడా దాటదు. ఒక మెట్టు కూడా ఎక్కరు. అది ముందే చెప్పెయ్, చెప్పి, ఆ 40 గంటల్లో ఏమవుద్దో అది రాసివ్వు, లాగ్ ఎంట్రీలో ఎవరు ఏం చేశారో తెలిసేలా రాస్తారు, అన్‌లెస్ ఉన్న వాక్యం తప్పు చదవరు, ఆడిటర్‌కి ఎస్ అనాల్సినచోట ఎస్ అంటారు. చివర్లో మళ్లీ కొలిచేది కూడా వీటినే. ఇంకోటి, కొన్నిచోట్ల ట్రైనింగే అక్కర్లేదని నీకు తేలుద్ది, ఎస్‌ఓపీ పక్కన తెలుగులోనో హిందీలోనో ఒక కాపీ పెడితే అయిపోయే పని. అది చెప్పడానికి మొహమాటపడకు, ట్రైనింగ్ బడ్జెట్ తగ్గుతుందని ఎవరో ఒకరు మూతి ముడుస్తారు, ముడవనీ.

మొదటి పది రికార్డింగులు అయ్యాక, వాళ్లు ఒప్పుకుంటేనే, పేర్లు లేకుండా నాకు పంపు, నేనూ విని వేస్తాను. నావి అడిగేముందే నీ మార్కులు ఒక కాయితం మీద రాసి మడిచి పెట్టుకో. ఆదివారం ఫోన్ చేస్తా, ఇద్దరం విప్పి చూసుకుందాం. మీ అమ్మని మోకాలి మాత్రలు మానొద్దన్నానని చెప్పు.

పెద్దమ్మ