పాఠకుల ప్రశ్నలు: సీఎన్‌సీ బల్లకు ఏ వ్యాక్యూమ్ పంపు?

ప్రశ్న: మాకు 8×4 అడుగుల సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ ప్రోగ్రాముతో చెక్కను కోసే యంత్రం) ఉంది. ఎక్కువగా డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపిన పలక), ఎండీఎఫ్ (చెక్కనారను అదిమి చేసిన పలక) షీట్లలో పూజగది జాలీలు, తలుపులు కోస్తాము. అప్పుడప్పుడు టేకు తలుపుల చెక్కుడు పని కూడా వస్తుంది. క్లాంపులు, స్క్రూలతో ఒక్కో షీటు బిగించడానికే పావుగంట పోతోంది. షీటు కింది గాలిని లాగేసి దాన్ని పట్టి ఉంచే వ్యాక్యూమ్ బల్ల పెట్టించుకుందామంటే ఒకరు 7.5 హెచ్‌పీ వాటర్ రింగ్ పంపు (లోపల తిరిగే నీటి వలయంతో గాలిని లాగేది) తీసుకోమంటున్నారు, మరొకరు 5 హెచ్‌పీ బ్లోయర్ చాలంటున్నారు. హెచ్‌పీ పెరిగితే పట్టు పెరుగుతుందా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: హెచ్‌పీ చూసి పంపు కొనకండి. షీటును అదిమిపట్టేది దాని మీదున్న వాతావరణమే. కింద గాలి ఎంత తగ్గితే పైనుంచి అంత ఒత్తిడి పడుతుంది. వాతావరణ ఒత్తిడి మొత్తం చదరపు సెంటీమీటరుకు ఒక కిలోకు (సుమారు 1,000 మిల్లీబార్లకు) కాస్త అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి, ఎంత ఖరీదైన పంపు తెచ్చినా అంతకు మించి రాదు. అందువల్ల అమ్మేవారిని రెండే సంగతులు అడగాలి: పంపు ఎంత లోతు వ్యాక్యూమ్ ఇస్తుంది, గాలి లీకవుతున్నా ఎంత గాలిని లాగగలదు?

బ్లోయర్ గాలిని విరివిగా లాగుతుంది, కానీ దాని వ్యాక్యూమ్ సుమారు 200–300 మిల్లీబార్ల దగ్గరే ఆగిపోతుంది. వాటర్ రింగ్ పంపు, రెక్కలతో తిరిగే వేన్ పంపు 800 దాటి వెళ్తాయి, అయితే అదే హెచ్‌పీకి లాగే గాలి తక్కువ. ఇప్పుడు మీ పనికి లెక్క వేద్దాం. పూర్తి షీటు వైశాల్యం దాదాపు 29,700 చదరపు సెంటీమీటర్లు; బ్లోయర్ ఇచ్చే 200 మిల్లీబార్ల దగ్గర కూడా దాని మీద పడే బరువు ఆరు టన్నులకు దగ్గరగా వస్తుంది. అదే 10×10 సెంటీమీటర్ల ముక్క మీద పడేది 20 కిలోలే, అందులో పక్కకు జారకుండా ఆపే రాపిడి 6 కిలోలకు మించదు. బిట్టు (కోసే పనిముట్టు) దాన్ని ఇట్టే తోసేస్తుంది. అంటే మీకు ఇబ్బంది వచ్చేది పెద్ద షీటుతో కాదు, జాలీలోంచి ఊడివచ్చే చిన్న ముక్కలతో.

జాలీ పనిలో ఇంకో చిక్కుంది. బిట్టు షీటును దాటి కోసిన ప్రతి గీతా గాలికి కొత్త దారి అవుతుంది. వ్యాక్యూమ్‌ను చూపే గేజు ముల్లును గమనిస్తే పని సాగేకొద్దీ మెల్లగా వెనక్కి జారుతూ కనిపిస్తుంది. లోతు వ్యాక్యూమ్ పంపులు ఈ లీకుల ముందు తొందరగా చేతులెత్తేస్తాయి, బ్లోయర్ తట్టుకుంటుంది. కాబట్టి మీ పనికి నా ఓటు 5 హెచ్‌పీ బ్లోయర్‌కే. చిన్న ముక్కల సంగతిని పంపుకు వదిలేయకుండా ప్రోగ్రాములోనే చూసుకోండి: ముందు చిన్న ముక్కలు, చివర బయటి అంచు కోయండి; అడుగున అర మిల్లీమీటరు పొర వదిలి, రెండో పాసులో దాన్ని తీసేయండి; చెక్కను పైకి లాగే బిట్టు బదులు కిందికి అదిమే డౌన్‌కట్ బిట్టు వాడండి.

వాటర్ రింగ్ పంపు చెడ్డదేమీ కాదు, దుమ్మును అది బాగానే భరిస్తుంది. కానీ దాని నీరు వేడెక్కితే పట్టు తగ్గుతుంది: 30 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం 42 మిల్లీబార్లయితే 45 డిగ్రీల దగ్గర 96 అవుతుంది, అంత మేరకు వ్యాక్యూమ్ లోతు పోయినట్టే. మే నెలలో మన రేకుల షెడ్లలో ట్యాంకు నీళ్లు చేయి పెట్టలేనట్టుంటాయని మీకు చెప్పనక్కరలేదు. పైగా నల్లగొండ నీళ్ల గొడవ ఫ్లోరైడ్‌తోనే ఆగదు. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున పేరుకునే తెల్లటి పొరే పంపు లోపలా పేరుకుంటుంది.

ఏ పంపు తెచ్చినా సగం పట్టు బల్లలోనే ఉంటుంది. కింద గాలి కాలువలు తీసిన హైలం (బేకలైట్) పలక, దాని మీద గాలిని పోనిచ్చే 18 మిల్లీమీటర్ల మామూలు ఎండీఎఫ్ వేయండి. హెచ్‌డీహెచ్‌ఎంఆర్ (ఎక్కువ సాంద్రతతో, తేమను తట్టుకునేలా చేసిన పలక) గట్టిగా ఉంటుందని కొందరు వేస్తారు, అది గాలిని పోనివ్వదు. ఎండీఎఫ్‌కు రెండు వైపులా పైపొర చిక్కగా ఉంటుంది గనుక ఒక్కో వైపు అర మిల్లీమీటరుకు తగ్గకుండా చెక్కాలి. నాలుగు అంచులకూ పెయింటు వేసి మూసేయాలి. మొదట్లో నేను అంచులు మూయడం మరిచి, తప్పంతా బ్లోయర్‌దే అనుకుని రెండు రోజులు దాన్ని విప్పి బిగించాను. ఆ పొరపాటు మీకు జరగకుండా ఒక పరీక్ష చేసుకోండి: ఎండీఎఫ్ అంతటినీ పాలిథీన్ షీటుతో కప్పి, పంపు ఆన్ చేసి గేజు చూడండి. అప్పుడు ముల్లు బాగా ఎక్కి, కోసే షీటు వేయగానే పడిపోతే లోపం పంపుది కాదు. షీటు వంగి ఉంది, లేదా దాని పక్కన ఎండీఎఫ్ ఖాళీగా ఉంది. ఖాళీ భాగాన్ని పనికిరాని లామినేట్ ముక్కలతో కప్పితే చాలు. బల్లను నాలుగు లేక ఆరు భాగాలు చేసి దేనికది వాల్వు పెట్టించుకోండి. గాలి దారి పూర్తిగా మూసుకుపోతే బ్లోయర్ వేడెక్కుతుంది కాబట్టి రిలీఫ్ వాల్వు, దుమ్ము లోపలికి పోకుండా ఫిల్టరు తప్పనిసరి.

టేకు తలుపులకు మాత్రం స్క్రూలే వాడండి. పలకల అతుకుల్లోంచి గాలి పోతుంది, తలుపు కాస్త మెలి తిరిగి ఉంటే ఏ పంపూ దాన్ని చదును చేయలేదు.

ప్రశ్న: మా 4×2 అడుగుల చిన్న బల్లకు పాత వ్యాక్యూమ్ క్లీనర్ మోటార్లు సరిపోతాయా?
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: సరిపోతాయి, కానీ మోటారు రకం చూసుకోవాలి. కొన్ని మోటార్లు తాము లాగే గాలితోనే చల్లబడతాయి. షీటు వేసి ఆ గాలిని ఆపేస్తే కొద్దిసేపటికే మాడిపోతాయి. విప్పి చూసినప్పుడు చల్లబరచడానికి విడిగా చిన్న ఫ్యాను కనిపించే బైపాస్ రకాన్నే తీసుకోండి. వాటి కార్బన్ బ్రష్‌లు కొన్ని వందల గంటలకే అరిగిపోతాయి, మోత కూడా ఎక్కువ, కాబట్టి రోజంతా పని ఉండే షెడ్డుకు పనికిరావు.