పురుగుకు తెలివి రాలేదు, పొలంలో వడపోత జరిగింది

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. జీవులకు ఇంత నేర్పు ఎలా అబ్బింది? ఆ నేర్పును మనిషి ఎలా వాడుకుంటున్నాడు? నల్లగొండలో జీవశాస్త్రం చెప్పి రిటైరైన నాకు ఇంతకన్నా ఇష్టమైన ప్రశ్న లేదు. మునుగోడు రైతు ఉత్తరానికి ఎక్కువ చోటు ఇచ్చాను. ఆయనకు జవాబు ఈ పంటలోనే కావాలి.

*ప్రశ్న: బీటీ విత్తనం వచ్చిన కొత్తలో పత్తికాయ చీలిస్తే లోపల శుభ్రంగా ఉండేది. ఇప్పుడు పైకి నిగనిగలాడే కాయలో కూడా గులాబీ రంగు పురుగు కనబడుతోంది. విత్తనంలో బలం తగ్గిందా, పురుగుకు తెలివి వచ్చిందా? — పత్తి రైతు, మునుగోడు*

జవాబు: అన్నా, రెండూ కాదు. పురుగు ఏమీ నేర్చుకోలేదు. మందుకు అలవాటు పడటమనే మాట ఊళ్లో అందరం అంటాం కానీ, బీటీ కాయ తిన్న మామూలు పురుగు అలవాటు పడేదాకా బతకదు, చచ్చిపోతుంది.

బీటీ మొక్కలో నేలలో ఉండే ఒక బాక్టీరియా జన్యువు ఉంటుంది. ఆ జన్యువు తయారు చేసే ప్రొటీను పురుగు పేగు గోడకు అతుక్కుని చిల్లు పెడుతుంది. అతుక్కోవాలంటే పేగు గోడ మీద దానికి సరిపోయే చోటు ఉండాలి. ఎన్నో పురుగుల్లో ఎక్కడో ఒకదానికి పుట్టుకతోనే ఆ చోటు కాస్త తేడాగా ఉంటుంది. బీటీ లేని రోజుల్లో ఆ తేడాతో దానికి ఒరిగిందేమీ లేదు. ఊరి పొలాలన్నీ బీటీ అయ్యాక మిగతా పురుగులు పోయి అదే మిగిలింది. మిగిలినవి వాటిలో వాటికే జతకట్టాయి. పత్తిలో ఒక్క సీజనులోనే ఈ పురుగుకు అనేక తరాలు గడుస్తాయి. డార్విన్ 1859లో ప్రకృతి వరణమని చెప్పింది ఇదే. దాన్ని చూడటానికి ఎక్కడికీ పోనక్కరలేదు, మీ చేలో కాయ చీలిస్తే చాలు.

మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. రెండు జన్యువుల రకం 2006లో వచ్చింది. మొదటి రకాన్ని తట్టుకునే గులాబీ రంగు పురుగు గుజరాత్‌లో ఉందని 2010లో బయటపడింది. తర్వాత కొన్నేళ్లకే రెండో రకం కూడా దాని ముందు నిలవలేదు. శనగపచ్చ పురుగు కన్నా ఇదే ముందు ఎందుకు గట్టిపడిందో కూడా చూడండి. శనగపచ్చ పురుగు కంది తింటుంది, శనగ తింటుంది, టమాటా తింటుంది. ఆ పంటల్లో బీటీ లేదు కాబట్టి అక్కడ మామూలు పురుగులు బతికి, వాటి సంతతి పత్తిలోకీ వస్తుంది. గులాబీ రంగు పురుగుకు మాత్రం దాదాపుగా పత్తే దిక్కు. దాని మీద పడిన వడపోతకు ఎక్కడా సందు లేదు.

450 గ్రాముల బీటీ ప్యాకెట్టుతో పాటు 120 గ్రాముల మామూలు విత్తనం ఇచ్చేవారు, గుర్తుందా? అది ఉత్తపుణ్యానికి ఇచ్చింది కాదు. పేగులో ఆ తేడా తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే పురుగు బీటీని తట్టుకుంటుంది. ఒక్క వైపు నుంచే వస్తే కాయలోనే చచ్చిపోతుంది. చేను చుట్టూ మామూలు పత్తి వరుసలు ఉంటే అక్కడ మామూలు పురుగులు పెరిగి, అరుదుగా మిగిలిన గట్టి పురుగులతో జతకట్టి, బీటీకి లొంగే పిల్లలను కంటాయి. ఎంత చక్కని ఆలోచన! కానీ పురుగు తినేసే వరుసలు వేయండని ప్యాకెట్టు చేతిలో పెట్టి వెళ్లిపోతే ఎకరం, రెండెకరాల రైతు ఎందుకు వేస్తాడు? పక్కన కూర్చుని సంగతి విడమరచి చెప్పిన వాళ్లు ఎంతమంది? ఈ విషయంలో నాకు ఇప్పటికీ కోపం ఉంది, అది రైతు మీద కాదు.

ఇప్పుడు చేయదగ్గది ఉంది. లింగాకర్షక బుట్టలు కట్టండి. మనిషి ఒక జీవి నేర్పును చూసి చేసుకున్న పనిముట్లలో నా మట్టుకు అదే గొప్పది. ఆడ రెక్కల పురుగు పొట్ట చివరి నుంచి ఒక వాసన వదులుతుంది. మగది మీసాలతో ఆ వాసన పట్టుకుని చీకట్లో వెతుక్కుంటూ వస్తుంది. ఇలాంటి వాసన పదార్థాన్ని మొట్టమొదట విడదీసినవాడు జర్మనీ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ బ్యూటెనాంట్. 1959లో ఆయన బృందం దాదాపు ఐదు లక్షల ఆడ పట్టుపురుగుల నుంచి కొన్ని మిల్లీగ్రాముల పదార్థం తీసింది. మీ బుట్టలో రబ్బరు ఎర మీద ఉన్నది గులాబీ రంగు పురుగు వాసనను ఫ్యాక్టరీలో తయారు చేసిన రూపం. పొద్దున్నే బుట్ట కింది సంచి విప్పి చూడండి. బూడిద గోధుమ రంగులో, వేలి గోరంత కూడా లేని మగ పురుగులు ఉంటాయి. వరుసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిది చొప్పున పడితే మందు కొట్టే సమయం వచ్చినట్టు. పడకపోతే మందు డబ్బు మిగుల్చుకోండి. రేకులు విచ్చుకోని గుడ్డిపూలు కనబడితే ఏరి నాశనం చేయండి. పంటను సంక్రాంతి దాటి సాగదీయకండి. పత్తి కట్టెను చేలో, గట్టు మీద నిలవ ఉంచకండి. వచ్చే ఏటి పురుగు అందులోనే దాగుతుంది. మీ ఒక్కరి చేలో చేస్తే చాలదు, పక్క చేలవాళ్లను కూడా కలుపుకోండి.

*ప్రశ్న: మేడమ్, జపాన్‌లో బుల్లెట్ రైలు ముక్కును లకుముకి పిట్టను చూసి చేశారట, నిజమేనా? మా ఊరి దగ్గర సోమశిలలో కృష్ణ ఒడ్డున ఆ పిట్టను చూశాను. — తొమ్మిదో తరగతి విద్యార్థిని, కొల్లాపూర్*

జవాబు: నిజమే తల్లీ. అప్పటి రైలు వేగంగా సొరంగంలోకి దూరినప్పుడు ముందున్న గాలి తప్పుకోవడానికి చోటు లేక నొక్కుకుపోయేది. ఆ ఒత్తిడి అవతలి మూతి దగ్గర పేలుడు చప్పుడుతో బయటపడి చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు నిద్ర లేకుండా చేసేది. ఆ పనిలో ఉన్న ఇంజనీరు ఎయిజీ నకత్సుకు పక్షులను చూసే అలవాటు ఉంది. పలుచని గాలిలోంచి చిక్కని నీళ్లలోకి పెద్దగా నీరు చిందకుండా దూకే లకుముకి ఆయనకు గుర్తొచ్చింది. ఆయన బృందం రకరకాల ఆకారాలను పరీక్షించి చూస్తే ఆ ముక్కుకు దగ్గరగా ఉన్న ఆకారమే నెగ్గింది. 1997లో పట్టాల మీదికి వచ్చిన ఆ రైలు ముక్కు పొడవే 15 మీటర్లు, వేగం గంటకు 300 కిలోమీటర్లు. పైన కరెంటు తీగను తాకే చట్రం చప్పుడు తగ్గించడానికి గుడ్లగూబ ఈకల రంపపు అంచును చూశారు.

నీకు ఒక పని చెబుతాను. సోమశిలలో లకుముకులు ఒక్క రకం కాదు. నలుపు తెలుపు మచ్చలది నీళ్ల మీద ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి తలకిందులుగా దూకుతుంది. తెల్లని గొంతు, ఎర్రని ముక్కు ఉన్నది కరెంటు తీగ మీద కూర్చుని ఎక్కువగా నేల మీది తొండలను, మిడతలను పట్టుకుంటుంది. రెండింటి ముక్కులూ పక్కపక్కన బొమ్మ గీసి నాకు పంపు. ఏది సన్నగా ఉందో, ఎందుకుందో నువ్వే రాయి.

*ప్రశ్న: ఆఫ్రికాలో చెదపుట్టను చూసి ఏసీ అక్కరలేని పెద్ద భవనం కట్టారని టీవీలో చెప్పారు. మన పుట్టల పద్ధతిలో మన ఇళ్లు కట్టవచ్చా? — మేస్త్రీ, దేవరకొండ*

జవాబు: ఆ భవనం జింబాబ్వే రాజధాని హరారేలో ఉంది, పేరు ఈస్ట్‌గేట్. వాస్తుశిల్పి మిక్ పియర్స్, పూర్తయింది 1996లో. పగలు దాని కాంక్రీటు వేడిని పీల్చుకుంటుంది. రాత్రి ఫ్యాన్లు బయటి చల్లగాలిని అంతస్తుల మధ్య ఖాళీల్లోంచి తోసి ఆ వేడిని కడిగేస్తాయి. భవనం బాగా పనిచేస్తోంది. అయితే పుట్ట గురించి అప్పట్లో అనుకున్నది మాత్రం సరికాదని తర్వాత తేలింది. పుట్ట గాలి ఆడించి లోపలి గదిని చల్లబరుస్తుందని అనుకున్నారు. లోపలి వేడి నిజానికి చుట్టూ ఉన్న నేల వేడిని బట్టే ఉంటుంది.

మరి అంత పుట్ట ఎందుకు? ఊపిరి కోసం. లోపల లెక్కలేనన్ని చెదలు, అవి పెంచుకునే బూజు తోట కలిసి బొగ్గుపులుసు వాయువు వదులుతూ ఉంటాయి. తొలకరి తర్వాత పుట్ట మీద మొలిచే పుట్టగొడుగులు ఆ తోటవే. మన దగ్గర కనబడే జాతి పుట్టల మీదనే బెంగళూరులో పరిశోధన చేసి 2015లో ప్రచురించారు. పుట్ట చుట్టూ నిలువుగా మడతలు మడతలుగా గోడలు ఉంటాయి కదా, అవి పలుచన. పగలు ఎండకు అవి త్వరగా వేడెక్కి వాటిలోని గాలి పైకి లేస్తుంది, నడుమ గొట్టంలోని గాలి కిందికి దిగుతుంది. రాత్రి మడతలు త్వరగా చల్లబడతాయి, ప్రవాహం తిరగబడుతుంది. పైన ఒక్క రంధ్రం లేకున్నా చెడుగాలి గోడ మట్టిలోంచే బయటికి పోతుంది. నాకు వీలైనప్పుడల్లా లతీఫ్ సాహెబ్ గుట్ట వైపు పోయి పుట్ట గోడను భూతద్దంతో చూస్తాను. నోటి తడితో కలిపి ఒక్కొక్కటిగా పేర్చిన మట్టి గుళికలు, వాటి మధ్య సూది మొన పట్టని సందులు కనబడతాయి. ఏ చెదకూ పుట్ట ప్లాను తెలియదు. ఇలా కట్టిన వాటి సంతతి మిగిలింది, ఊపిరాడని పుట్టల్లోవి మిగల్లేదు.

ఇప్పుడు మీ పని సంగతి. హరారే సముద్రమట్టానికి సుమారు 1,490 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడి రాత్రులు చల్లన. మే నెలలో దేవరకొండ రాత్రి ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. వేడి రాత్రి గాలిని ఇంట్లోకి తోస్తే లాభం లేదు. ఆ పద్ధతి మనకు చలికాలం ముందూ వెనకా పనికొస్తుంది, నడి వేసవిలో కాదు. వేసవికి నేను పుట్టను కాదు, సహారా ఎడారి వెండి చీమను చూడమంటాను. మిట్టమధ్యాహ్నం మిగతా జీవులు దాక్కున్న వేళ అది బయట తిరుగుతుంది. దాని ఒంటి మీది వెంట్రుకలను అడ్డంగా కోసి చూస్తే ముక్కోణంగా ఉంటాయి. అవి ఎండను తిప్పికొడతాయి, ఒంటి వేడిని కూడా బయటికి వదులుతాయి. ఇది కూడా 2015లోనే తెలిసింది. మీ చేతిలో దానికి దగ్గరి పని డాబాకు తెల్ల పూత. ఎండను తిప్పికొట్టే కప్పుల కోసం మన రాష్ట్రం 2023లో ఒక విధానమే తెచ్చింది. ఇల్లు కట్టించుకునే ప్రతివాళ్లకూ ఆ సంగతి చెప్పండి. పడమటి గోడకు నీడ, కప్పుకు తెలుపు, గాలికి ఎదురెదురు కిటికీలు. ఖర్చు తక్కువ, ఫలితం ఆ వేసవిలోనే తెలుస్తుంది.

*ప్రశ్న: పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు పెట్టి నెమలికంఠం చీర నేస్తాను. మడత తిప్పితే రంగు మారుతుంది. నెమలిలో కూడా రెండు రంగులు ఉంటాయా? — నేత కార్మికుడు, భూదాన్ పోచంపల్లి*

జవాబు: ఆ నీలం, ఆ ఆకుపచ్చ నెమలి ఈకలో రంగుగా లేనే లేవు. రాలిన ఈక దొరికితే దీపానికి అడ్డంగా పట్టి వెనక నుంచి చూడండి, గోధుమ రంగే కనబడుతుంది. ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1665లోనే ఈకను తడిపితే ఆ రంగులు మాయమవుతాయని రాశాడు. ఈక పోగుల్లో నల్లని సన్న కడ్డీలు వరుసలుగా పేర్చి ఉంటాయి. వరుసల మధ్య ఎడం దాదాపు 140 నానోమీటర్లుంటే నీలం, 150 ఉంటే ఆకుపచ్చ, 165 ఉంటే పసుపు మన కంటికి చేరుతుంది. ఒక నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు. అంత సన్న ఎడంలో పదో పదిహేనో తేడాతోనే రంగు మారిపోతుంది.

మీ మగ్గం మీద ఒక్కో కోణంలో ఒక్కో దారం ముందుకు వస్తుంది, అందుకే చీర రంగు మారుతుంది. నెమలిలో వెలుతురు అలలే ఒకదానితో ఒకటి కలిసి ఒక రంగును పెంచి, మిగతా వాటిని తుంచేస్తాయి. ఇలాంటి రంగుకు అద్దకం ఉండదు కాబట్టి అద్దకంలా వెలిసిపోదు. జపాన్‌లో దక్షిణ అమెరికా నీలి సీతాకోకచిలుక రెక్కను చూసి పలుచని పొరలతో అద్దకం లేని రంగు దారం తయారు చేశారు. మీ జేబులోని ఐదు వందల నోటు తిప్పి చూడండి, దాని భద్రతా దారం ఆకుపచ్చ నుంచి నీలానికి మారుతుంది. మీ నెమలికంఠం చీర ఒకటి నా దగ్గరా ఉంది, పెళ్లిళ్లకు కట్టుకుంటాను.

*ప్రశ్న: బల్లి పాదాలకు జిగురు ఉంటుందా? — గృహిణి, గద్వాల*

జవాబు: లేదమ్మా. వేళ్ల కింద లక్షల సన్న వెంట్రుకలు, ఒక్కో దానికీ వందల చీలికలు ఉంటాయి. గోడకు అంత దగ్గరగా ఆనినప్పుడు అణువుల మధ్య పుట్టే ఆకర్షణే దాన్ని నిలబెడుతుంది. ఆ సంగతి 2002లో రుజువైంది. అది చూసి జిగురు లేకుండా అంటుకునే టేపులు తయారు చేశారు. పొడి టెఫ్లాన్ మీద మాత్రం దాని పట్టు నిలవదు. మీ నాన్‌స్టిక్ పెనం మీద పూత అదే.