ఆవిడ అన్న మాట

పర్లాకిమిడి

అమ్మా, ఆశీస్సులు.

నీ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. పాత కేసును తవ్విన తీరు బాగుంది. మొదటి ఎపిసోడ్ ఆఖర్న ముద్దాయి నోట పెట్టిన ఒక్క వాక్యం దగ్గరే నాకు టెన్షన్ పట్టుకుంది. అదెక్కడిది? ఎఫ్‌ఐఆర్‌లోదా, చార్జిషీటులోదా, ఎవరైనా నీతో చెప్పిందా?

'ది జింక్స్' చూసి ఈ పనిలోకి దిగానన్నావు. 2015లో హెచ్‌బీఓలో వచ్చిన ఆ సిరీస్ ఆఖర్న, హత్యల అనుమానం ఉన్న రాబర్ట్ డర్స్ట్ ఒంటిమీద మైకు ఉన్న సంగతి మరిచి బాత్రూంలో గొణుక్కుంటాడు. ఏం చేశానని తనని తానే అడిగి, అందర్నీ చంపేశానని జవాబు చెప్పుకున్నట్టు వినిపిస్తుంది. ఒళ్లు జలదరించే మాట వాస్తవం. నాలుగేళ్లకి అసలు సంగతి బయటపడింది. ఆ రెండు వాక్యాలూ అతను ఆ వరసలో అనలేదు, పక్కపక్కనా అనలేదు. ఎడిటింగులో కలిపారు. 2021లో అతను హత్య కేసులో దోషిగా తేలాడు. అయినా నాకు ఆ అతుకు మింగుడుపడదు.

మన దగ్గర అతుకులు ఎడిటింగు దాకా ఆగవు. ఒడిశాలో గుణుపురం వైపు సాక్షి గిరిజనుల సవర భాషలోనో తెలుగులోనో చెబుతాడు, స్టేషన్లో ఒడియాలో రాస్తారు, తీర్పు ఇంగ్లీషులో వస్తుంది. దాన్ని నువ్వు మళ్లీ తెలుగు డైలాగు చేసి కొటేషన్ మార్కులు పెడతావు! గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లోనే సవరలను ఇంటికి పిలిపించుకుని వాళ్ల మాట నేర్చుకున్నారు. అంత ఓపిక నాకూ లేదనుకో.

పట్నాగఢ్ పార్సిల్ బాంబు కేసు చూడు. 2018లో పెళ్లికానుక పేలి కొత్త పెళ్లికొడుకు పోయాడు. పోలీసులకు వచ్చిన ఆకాశరామన్న ఉత్తరంలో మాటల తీరే దర్యాప్తుకు దారి చూపింది. 2025లో యావజ్జీవం పడింది. ఆ ఉత్తరాన్ని ఎవరైనా తిరగరాసి దాఖలు చేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించు.

పోలీసుల దగ్గర ఒప్పుకోలు ముద్దాయి మీద సాక్ష్యంగా చెల్లదు. పాత సాక్ష్య చట్టంలో అది 25వ సెక్షన్, 2024 జులై నుంచి అమల్లో ఉన్న దాంట్లో 23. వాళ్లు రాసుకున్న వాంగ్మూలం కింద సాక్షి సంతకం కూడా ఉండదు. అందుకని కోర్టులో ఇచ్చిన సాక్ష్యానికి సర్టిఫైడ్ కాపీ అడుగు. క్రాస్, అంటే ఎదుటి లాయరు వేసిన ప్రశ్నలు, ముందు చదువు. చీఫ్, అంటే పిలిపించిన పక్షం లాయరు రాబట్టిన సాక్ష్యం, తర్వాత.

ఇదంతా నాకు పుట్టుకతో వచ్చిన తెలివి కాదు. ముప్పై ఏళ్ల కిందట ఒక పేపరుకి వార్తలు రాసేవాణ్ణి. వంశధార ఒడ్డున ఒక ఊళ్లో కుర్రాణ్ణి ఎవరో చంపేశారు. వాళ్లమ్మ స్టేషన్ మెట్ల మీద కూలబడి "నానే సంపీసినాను బాబూ, నా సేతుల్తో నానే సంపీసినాను" అని ఏడ్చింది. స్టేషన్లో కాగితాలు రాసే రైటరు ఒడియాలో 'నేనే చంపాను' అని రాసుకున్నాడు. నేను అదే పంపాను, అదే హెడ్డింగయింది. ఆ రాత్రి వాడు వెళ్లనంటున్నా, బాకీ అడిగి రమ్మని పంపింది ఆవిడే. బిడ్డ పోయిన తల్లి మన వైపు ఇంకేమంటుంది? నాకు తెలీదా? తెలుసు. ఆ పూట హెడ్డింగు ముద్దొచ్చింది.

తర్వాత బాకీదారుడు దొరికాడు. అది లోపలి పేజీలో నాలుగు లైన్లు.

మరో ఏడాదికి ఆవిడ సంతలో చింతపండు అమ్ముతూ కనిపించింది. నన్ను గుర్తుపట్టి, "ఆ కాయితం నీ కాడుందా బాబూ? మావోడి బొమ్మ అందల పడ్డాదట" అంది. వాడి ఫొటో ఇంట్లో ఇంకొకటి లేదట.

పై వారం సంతకి పట్టుకెళ్లి ఇచ్చాను. హెడ్డింగు కత్తిరించేసి, ఫొటో వరకే.

నీ మాస్టారు