జూలైలో రాజీ, డిసెంబర్‌లో హత్య: బెకెట్ కథలో తెగిన లింకు

కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ థామస్ బెకెట్‌కూ ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీకీ మధ్య గొడవపై మీరు రాసిన టైమ్‌లైన్‌లో ఒక పట్టాభిషేకం జారిపోయింది. 1164 నుంచి నేరుగా 1170 జూలైకి దూకేశారు. రెండో హెన్రీతో రాజీ కుదిరాక కూడా బెకెట్‌ను ఎందుకు చంపారన్న మీ ప్రశ్నకు జవాబు ఆ ఖాళీలోనే ఉంది.

1. 1164, క్లారెండన్ సభ. చర్చి కోర్టు దోషిగా తేల్చిన మతాధికారికి శిక్ష రాజు కోర్టే వేయాలని హెన్రీ పట్టు. బెకెట్ ముందు ఒప్పుకుని, తర్వాత మాట మార్చి ఫ్రాన్స్‌కు పారిపోయాడు. ఇది మీరు బాగానే రాశారు.

2. 1170 జూన్ 14, వెస్ట్‌మిన్‌స్టర్. చాలామంది వదిలేసేది ఇదే. హెన్రీ తన కొడుక్కి యార్క్ ఆర్చ్‌బిషప్ చేత కిరీటం పెట్టించాడు. ఆ హక్కు కాంటర్‌బరీది, అంటే బెకెట్‌ది. ఇంటి పురోహితుణ్ణి కాదని పక్క ఊరాయనతో పెళ్లి జరిపించినట్టు!

3. జూలై, ఫ్రాన్స్‌లోని ఫ్రెటెవాల్‌లో రాజీ. క్లారెండన్ గొడవ ఊసే ఎత్తలేదు.

4. బెకెట్ తాను ఇంగ్లండ్‌లో అడుగుపెట్టే ముందే పోప్ ఇచ్చిన లేఖలను అక్కడికి పంపాడు. ఆ పట్టాభిషేకంలో పాల్గొన్నందుకు యార్క్ ఆర్చ్‌బిషప్ సస్పెండ్, లండన్, సాల్స్‌బరీ బిషప్‌లకు వెలి. ముగ్గురూ నార్మండీలో ఉన్న హెన్రీ దగ్గరకెళ్లి మొరపెట్టుకున్నారు. రాజు మండిపడ్డాడు. ఆయన కొలువులోని నలుగురు నైట్‌లు (యోధులు) బయల్దేరారు. డిసెంబర్ 29న కాంటర్‌బరీ కేథడ్రల్‌లోనే బెకెట్‌ను నరికేశారు.

అన్నట్టు, "ఈ పూజారి పీడ వదిలించేవారే లేరా" అన్న మాటను మాత్రం హెన్రీ పేరుతో కొటేషన్‌లో పెట్టకండి. ఆ రూపం చాలా తర్వాతిది.